పొట్టును ఆపిన జల్లెడ

నేను ఒక పిండి జల్లెడను. నంద్యాల బజారులో కాశీం సాహెబు సన్నని తీగల వలను రేకు చట్రంలో బిగించి నన్ను తయారుచేశాడు. కొన్నది సుంకులమ్మ. ఆమె బస్టాండు పక్కన తోపుడు బండి మీద జొన్నరొట్టెలు కాల్చి అమ్మేది. తెల్లగా, మెత్తగా ఉంటాయని వాటికి మంచి పేరు. ఆ పేరులో సగం నాదే. పిండిని కిందికి వదిలి, పొట్టును పైన ఆపేదాన్ని. ఆ పొట్టు పక్కింటి హుసేనమ్మ గేదెకు పోయేది. గేదె నిగనిగలాడేది. తెల్లరొట్టె తిన్నవాళ్లు మాత్రం మందుల షాపులో విరేచనం సాఫీగా కావడానికి మాత్రలు అడిగేవారు.

సుంకులమ్మ భర్త మద్దిలేటి లారీ డ్రైవరు. దారిలో పరోటాలు, ఇంటికొస్తే తెల్లన్నం, తెల్లరొట్టె. ఆకుకూర పెడితే పళ్లెం అంచుకు నెట్టేసేవాడు. ఒక పొద్దున బట్టలు ఉతకబోతుంటే ఆమెకు అతని లుంగీ మీద నెత్తుటి మరక కనిపించింది.

"ఏందయ్యా ఇది?"

"ఏం లే. వేడి చేసింటాది."

"నిజం చెప్పు."

మద్దిలేటి గోడవైపు తిరిగాడు. "మా నాయనకు గూడా ఇట్లనే మొదలైంది మే. పేగులో గడ్డ అన్నారు. ఆ మాట నేను వినలేను."

ఆ రోజు పొయ్యి వెలగలేదు. ఆమె అతన్ని దాదాపు లాక్కుపోయినట్టే ఆసుపత్రికి తీసుకెళ్లింది. పరీక్షలన్నీ అయ్యాక తిరిగొచ్చి, అక్కడి సంగతి హుసేనమ్మకు చెబుతుంటే విన్నాను.

"గడ్డ లేదంట, మొలలంట. ఏం తింటాడని అడిగింది డాక్టరమ్మ. పిండి జల్లిస్తానని చెప్తే తల పట్టుకునింది. పొట్టులో ఉండే పీచు మనకు అరగదంట. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులకు అదే కూడంట. అది తిని అవి పేగు గోడకు బలమిస్తాయంట. నేనేమో వాటిని పస్తు పెట్టి నీ గేదెను మేపినా!"

చెబుతూనే నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మరునాటి నుంచి నన్ను మేకుకు తగిలించింది. మొదట్లో మద్దిలేటి కడుపు ఉబ్బరించి గొణిగాడు. పీచు ఒక్కసారిగా వద్దు, మెల్లగా పెంచమందట డాక్టరమ్మ. సుంకులమ్మ అలాగే పెంచింది, కూరాకు తినిపించింది, చెంబు చెంబు నీళ్లు తాగించింది. కొన్నాళ్లకు నెత్తురు ఆగింది. ఒక ఉదయం అతను మరుగుదొడ్డి నుంచి ఈల వేసుకుంటూ బయటికొచ్చాడు.

రొట్టెల బండి దగ్గర మాత్రం గొడవే.

"ఏం సుంకులమ్మా, రొట్టె నల్లబడింది?"

"తెల్లది కావాల్నంటే ఇంగో బండి చూసుకో నాయనా. నా దగ్గర ఇదే."

కొందరు పోయారు. పోయినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. ఆమె మాత్రం మాట మార్చలేదు.

చివరికి నన్ను పాత సామాన్లవాడికి వేసేసింది. ఇప్పుడు నేను అతని కొట్టులో, చక్రం ఊడిన సైకిలు మీద పడి ఉన్నాను. నా వల ఒక్కచోటా తెగలేదు. నాలో తప్పుపట్టడానికి ఎవరికీ ఏమీ దొరకదు. అక్కర్లేని పనిని ఇంత లోపం లేకుండా చేసిన వస్తువు ఈ కుప్పలో మరొకటి ఉండదు.