జ్యాబ్లికిలో మోగాల్సిన పట్టా

నేను ఒక రైలు పట్టా ముక్కని. కొలిస్తే రెండు మూరల పొడవుంటాను. నా మీద రైళ్లు నడిచింది కొద్దికాలమే. ఆ తర్వాత నా బతుకంతా దెబ్బలు తింటూనే గడిచింది. దానికి నాకేం బాధ లేదు. ఆ దెబ్బలకి ఒక అర్థం ఉన్నంతకాలం సంతోషంగానే తిన్నాను. నా కడుపుమంట వేరు. అది ఎవరితోనైనా చెప్పుకోకపోతే నాకు తుప్పు కూడా ప్రశాంతంగా పట్టేట్టు లేదు.

పుట్టింది రష్యాలో, ఉరల్ కొండల దగ్గర ఒక ఇనుప కార్ఖానాలో. అడవిలోంచి దుంగలు మోసే చిన్న రైలు కోసం నన్నూ నా తోబుట్టువుల్నీ నేల మీద పరిచారు. అడవంతా కొట్టేశాక రైలుకి పని లేకపోయింది. పట్టాలు పీకి, ముక్కలు చేసి, అందినవాళ్లు అందినంత పట్టుకుపోయారు. నన్ను తెచ్చుకున్నది జ్యాబ్లికి అనే పల్లెటూరి కమ్మరి. ఊరి నడుమ రెండు గుంజలు పాతి, అడ్డంగా దూలం వేసి, నా కొనకి బెజ్జం కొట్టి గొలుసుతో వేలాడదీశాడు. కొట్టడానికి పక్కనే ఒక లావుపాటి బోల్టు కట్టాడు.

ఆ దేశంలో పల్లెటూరి ఇళ్లు దుంగలతో కట్టుకుంటారు. ఒక్క రవ్వ పడితే వీధి వీధంతా ఊడ్చుకుపోతుంది. అందుకని ఊరూరా నాలాంటిది ఒకటి వేలాడుతూ ఉంటుంది. గబగబా కొడితే నిప్పంటుకుందని అర్థం, బకెట్లు తీసుకుని రమ్మని. మంచు తుఫానులో ఎవరైనా దారి తప్పితే ఆగి ఆగి కొడతారు, ఆ మోత పట్టుకుని నడుచుకుంటూ వాళ్లు ఊరు చేరతారు. సమష్టి పొలం పనికి పొద్దున్నే అందర్నీ లేపిందీ నేనే. యుద్ధం ముగిసిందని చెప్పిందీ నేనే. ఆ రోజు నన్ను కొట్టిన ఆడమనిషి భర్త యుద్ధంలోంచి తిరిగి రాలేదు. ఆమె ఏడుస్తూనే కొట్టింది, ఊరంతా విని నవ్వుతూ పరుగెత్తుకొచ్చింది.

ఇక పాలన సంగతి. మీకు మండలాలూ పంచాయతీలూ ఉన్నట్టే అక్కడ రయోన్ అని ఒకటి, దాని కింద నాలుగైదు ఊళ్లకి కలిపి సెల్సవేత్ అని ఒక పంచాయతీ ఉండేవి. మా సెల్సవేత్ ఆఫీసు జ్యాబ్లికిలోనే, సరిగ్గా నాకు ఎదురుగా ఉండేది. ఒక గది, ఒక పొయ్యి, కిటికీలో పూలకుండీ. దేశం పేరు మారినప్పుడు బోర్డు మార్చారు. చట్టం మారినప్పుడు మళ్లీ మార్చి, ఇక నుంచి ఇది గ్రామీణ సెటిల్‌మెంట్ అన్నారు. బోర్డు మీద ఏం రాసినా లోపల కూర్చున్నది ఊరి మనిషే గనక ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బావి గిలక విరిగితే కిటికీ తట్టి చెప్పేవాళ్లు. లోపలి మనిషి తిట్టుకుంటూ కోటు తొడుక్కుని వచ్చేవాడు.

తర్వాత కలపడం మొదలైంది. మా సెటిల్‌మెంటుని పక్కదానితో కలిపారు. ఆ రెంటినీ మూడోదానితో కలిపారు. చివరికి రయోన్ మొత్తాన్ని ఒకే ముద్ద చేసి మునిసిపల్ ఓక్రుగ్ అని పేరు పెట్టారు. ముప్పై ఊళ్లు, వాటి మధ్య అడవులు, బురదనేలలు, వంతెన కూలిపోయిన ఒక నది, ఇదంతా కలిసి ఒకటే మునిసిపాలిటీ అట. ఎలుగుబంట్లకి వార్డు నంబరు ఇచ్చారో లేదో నాకు తెలీదు. ఆఫీసు నలభై కిలోమీటర్ల అవతల మిలోస్తినో పట్నానికి పోయింది. మా గదికి తాళం పడింది, కుండీలో పువ్వు ఎండిపోయింది. దీన్ని ప్రజలకు పాలనని దగ్గర చేయడం అంటారని సభ పెట్టి మరీ చెప్పి వెళ్లారు.

అప్పటికి జ్యాబ్లికిలో మిగిలినవి ఏడిళ్లు. వాటికి పెద్దదిక్కు జినయీద ప్రోహరవ్నా. అక్కడ పెద్దవాళ్లని పేరుకి తండ్రి పేరు జోడించి పిలవడం మర్యాద. చనువున్న పల్లెవాళ్లు అసలు పేరు వదిలేసి ఉత్త తండ్రి పేరుతోనే పిలుస్తారు, అందుకని ఊరందరికీ ఆమె ప్రోహరవ్నా. డెబ్భై దాటిన మనిషి, పాలకేంద్రంలో పనిచేసి రిటైరైంది. ఓక్రుగ్ వాళ్లు ఆమెని ఊరిపెద్దగా నియమించారు. జీతం లేదు, అధికారం లేదు, మెడలో వేసుకోవడానికి ఒక గుర్తింపు కార్డు మాత్రం ఇచ్చారు. ఆమె దాన్ని అల్మారాలో పడేసి నా గొలుసుకి నూనె రాసింది. అప్పటినుంచి ఆవిడంటే నాకు ప్రాణం.

ఆమెకి ఒకటే బెంగ, ఆ బెంగ పేరు యెఫీమ్. ఊరి చివర, గడ్డిపొలాల అంచున ఒంటరిగా ఉండే ముసలాయన. కోతమిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. పక్కన నిలబడి అరిచినా వినపడదు. నా మోత మాత్రం ఆయనకి అందేది. చెవులతో కాదు, పళ్లతో వింటానని చెప్పేవాడు. నన్ను కొడితే నేల అదిరేది, ఆ అదురు మంచం కోళ్లలోంచి ఆయన దవడకి చేరేది. మధ్యాహ్నం భోజనం చేసి పడుకుంటే ఆయన్ని లేపగలిగింది ఈ లోకంలో నేనొక్కదాన్నే.

ఏప్రిల్లో మంచు కరిగాక కిందటేటి గడ్డి బయటపడి ఎండకి గలగలలాడిపోతుంది. ఎక్కడో ఎవడో సిగరెట్ పారేస్తాడు, నిప్పు గాలితో పాటు పరుగెత్తుతుంది. ప్రతి ఏప్రిల్లోనూ ప్రోహరవ్నా రోజూ యెఫీమ్ ఇంటివైపు ఓ చూపు వేసి, నా బోల్టు దాని చోట ఉందో లేదో చూసుకుని గానీ అన్నం తినేది కాదు.

అలాంటి నన్ను ఒక ఏడాది మార్చి నెలలో పట్టుకుపోయారు. మిలోస్తినో ఆఫీసుకి అగ్నిమాపక తనిఖీ రాబోతోంది. అక్కడి ప్రాంగణంలో వేలాడాల్సిన పట్టా ఎప్పుడో మాయమైంది, ఏ పాత సామాన్లవాడి దగ్గర తేలిందో దేవుడికే తెలియాలి. తనిఖీకి వచ్చేవాడు ముందు అడిగేది దాన్నే. ఓక్రుగ్ పెద్ద వాదిమ్ ఎద్వార్దొవిచ్‌కి నేను గుర్తొచ్చాను. ఇద్దరు మనుషులు వ్యాన్‌లో వచ్చి, కాసేపట్లో గొలుసుతో సహా విప్పేశారు. ప్రోహరవ్నా వచ్చి వ్యాన్‌కి అడ్డం నిలబడింది. తనిఖీ అవగానే తెచ్చిచ్చేస్తాం బామ్మా అన్నారు. ఆమె నమ్మి పక్కకి తప్పుకుంది.

మిలోస్తినోలో నాకు ఎర్రరంగు వేశారు. ఇన్నేళ్లలో ఎవరూ నాకు రంగు వేయలేదు. గొలుసుకి నూనె కూడా రాయకుండా ఈ ముస్తాబేమిటో అర్థం కాలేదు. ఆఫీసు కిటికీ పక్కన కొత్త స్తంభానికి వేలాడదీశారు. తనిఖీ అయిపోయింది. వచ్చినాయన నన్ను వేలితో తట్టి, బాగుందని చెప్పి, భోజనానికి వెళ్లాడు. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను.

రెండు వారాలు చూసి ప్రోహరవ్నా వచ్చింది. బస్సు వారానికి రెండుసార్లే, అదీ పెద్దరోడ్డు మీదే, మిగతా దారి నడవాలి. బూట్ల నిండా బురదతో సరాసరి నా దగ్గరికొచ్చి నన్ను ఒకసారి తడిమి, ఎర్రరంగుని గోటితో గీకి చూసింది. అంతలో వాదిమ్ ఎద్వార్దొవిచ్ భోజనం ముగించుకుని వచ్చాడు. చెడ్డవాడని చెప్పలేను. తలుపు తీసి పట్టుకున్నాడు, లోపలికి రమ్మన్నాడు, టీ తాగమన్నాడు. ఆమె కదల్లేదు. ఊళ్లో నేనుండే చోట ఇప్పుడు ఒక పాత ఇనుప నాగలి చక్రం వేలాడదీసిందట. యెఫీమ్ పెరట్లో కట్టెలు కొడుతుంటే తను ఆ చక్రాన్ని చేతులు నొప్పి పుట్టేదాకా బాదిందట. ఆయన వెనక్కి తిరగను కూడా తిరగలేదట. వేరే పట్టా కోసం చుట్టుపక్కల అంతా వెతికింది, అన్నీ పాత ఇనుముకి పోయాయి.

ఆయన శ్రద్ధగానే విన్నాడు. ఇదివరకు జ్యాబ్లికి వేరు, మిలోస్తినో వేరు గనక దేని పట్టా దానికి కావలసి వచ్చిందని, ఇప్పుడు చట్టం ప్రకారం అంతా ఒకే మునిసిపాలిటీ అని, అందులో హెచ్చరిక పట్టా ఒకటి ఉండనే ఉందని ఓపిగ్గా వివరించాడు.

"ఇప్పుడు మనమంతా ఒకటే కదా, జినయీద ప్రోహరవ్నా. ఇది మీది కూడా."

"ఒకటే అయితే మరి ఇక్కణ్ణించి కొట్టి మా యెఫీమ్‌ని లేపండి బాబూ, నేను అక్కడ నిలబడి చూస్తాను," అంది ప్రోహరవ్నా.

ఆయన నవ్వాడు. చమత్కారం అనుకున్నాడు. మే నెల పండగలు అయ్యాక చూద్దామని భుజం తట్టి పంపించేశాడు. మే కంటే ముందు ఏప్రిల్ వస్తుందని, గడ్డి కాలేది అప్పుడేనని ఆ మనిషికి ఎవరు చెప్పాలి? నాకు ఒళ్లు మండిపోయింది. నన్నెవరూ కొట్టకుండా నోరు విప్పలేని పుట్టుక నాది.

ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం, గాలి బాగా వీస్తోంది. జ్యాబ్లికిలో జరిగింది నేను చూడలేదు. తర్వాత విచారణ కమిషన్ ముందు ప్రోహరవ్నా చెప్పగా విన్నాను. పొలాల అవతల పొగ కనపడగానే ఆమె ముందు నాగలి చక్రం కొట్టింది, ఇద్దరు బయటికొచ్చారు. వాళ్లని మిగతా ఇళ్లకి తరిమి, తను వీధి టెలిఫోను దగ్గరికి పరుగెత్తి అగ్నిమాపక దళానికి ఫోన్ చేసింది. అవతల ఉన్నమ్మాయి ఎక్కడో రాష్ట్ర రాజధానిలో కూర్చుంది. ఏ రయోన్ అని అడిగింది. పాత రయోన్ పేరు చెబితే అలాంటి రయోన్ ఇప్పుడు లేదంది. ఓక్రుగ్ పేరు చెబితే దాని కింద ఏ ప్రాదేశిక విభాగమో చెప్పమంది. ప్రోహరవ్నాకి ఆ విభాగం పేరు గుర్తు రాలేదు. ఎలా గుర్తొస్తుంది? శీతాకాలంలోనే దాన్ని రెండుసార్లు మార్చారు. ఊరు కాలిపోతోంది తల్లీ అని ఆమె అంటూనే ఉంది. ఆ అమ్మాయి వెతుకుతూనే ఉంది.

చివరికి ఆ కబురు మిలోస్తినో ఆఫీసుకి చేరింది. డ్యూటీలో ఉన్నది ఇన్నా అనే గుమాస్తా, నెమ్మదైన పిల్ల. ఫైరింజనుకి ఫోన్ చేసింది, వెంటనే గోడమీది నిబంధనలు చూసింది. మునిసిపాలిటీ పరిధిలో నిప్పంటుకున్న సమాచారం అందిన వెంటనే హెచ్చరిక పట్టా మోగించాలి అని అక్కడ రాసి ఉంది. ఆ పిల్ల ఎత్తుమడమల చెప్పులతో పరుగెత్తుకొచ్చి, రెండు చేతులా బోల్టు పట్టుకుని నన్ను కొట్టడం మొదలుపెట్టింది.

నేను మోగాను. అంత గట్టిగా ఎప్పుడూ మోగలేదు. చుట్టుపక్కల ఇళ్లలోంచి జనం బకెట్లతో బయటికొచ్చారు, రొట్టెల దుకాణంలోంచి అయితే ఒకామె పిండి చేతులతోనే వచ్చేసింది. ఎక్కడ, ఎక్కడ అని అడిగారు. ఇన్నా కొడుతూనే జ్యాబ్లికి అంది. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. జ్యాబ్లికి ఉన్న ఉత్తరం వైపు చూశారు, ఆకాశం శుభ్రంగా ఉంది. ఒకాయన బకెట్‌లో నీళ్లు ఏం చేయాలో తెలియక పూలమొక్కలకి పోశాడు. కొంతమంది మంచివాళ్లు కార్లు తీశారు. ఫైరింజను అప్పటికే బయల్దేరింది. వంతెన లేదు గనక చుట్టుదారిలో పోవాలి.

అక్కడ ప్రోహరవ్నా ఫోను వదిలేసి ఊరి చివరికి పరుగెత్తింది. డెబ్భై దాటిన మనిషి ఎంత పరుగెత్తగలదు? ఆమె చేరేసరికి యెఫీమ్ ఇంటి కప్పు అంటుకుంది. కిటికీ అద్దం రాయితో పగలగొట్టి పిలిచిందట. వినపడదని తెలిసి కూడా పిలిచానని ఆమె కమిషన్‌తో చెప్పినప్పుడు వాళ్లు తలలు దించుకున్నారు. ఇరుగుపొరుగు ఆమెని బలవంతంగా వెనక్కి లాగారు. యెఫీమ్ నిద్రలోనే పోయాడని డాక్టరు రాశాడు. ఇంకో మూడిళ్లు కాలిపోయాయి. మిగిలినవాళ్లు తలోదిక్కుకీ బంధువుల దగ్గరికి వెళ్లిపోయారు. ప్రోహరవ్నా మిలోస్తినోలో ఉన్న చెల్లెలి కూతురింట్లో తలదాచుకుంది.

కమిషన్ వారం రోజులు విచారించింది. ప్రాణనష్టానికి కారణం ఊళ్లో హెచ్చరిక పట్టా లేకపోవడం అని తేల్చింది. దాన్ని సక్రమంగా ఉంచాల్సిన బాధ్యత ఊరిపెద్దది గనక జినయీద ప్రోహరవ్నాని మందలించింది. ఇది నా ముందే, తెరిచిన కిటికీలోంచి చదివి వినిపించారు. ఆమె చివరిదాకా విని లేచింది. అల్మారాలోని గుర్తింపు కార్డు ఇంటితో పాటు కాలిపోయింది, తిరిగి ఇవ్వడానికి కూడా లేదంది. వాదిమ్ ఎద్వార్దొవిచ్ కిటికీలోంచి నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. ఎర్రరంగు ఆయనే దగ్గరుండి వేయించాడు.

జూన్‌లో నన్ను జ్యాబ్లికికి తిరిగి తెచ్చారు. లోపాలు సరిదిద్దామని పైవాళ్లకి చూపించాలి కదా. కొత్త గుంజలు పాతారు, కొత్త గొలుసు వేశారు. చుట్టూ నల్లబడిన నేల, కాలిన ఇళ్లలో మిగిలిన నాలుగు పొయ్యి గొట్టాలు, తలుపులకి అడ్డంగా పలకలు కొట్టేసిన మూడు ఇళ్లు. మనిషి లేడు. ప్రోహరవ్నాని కారులో తీసుకొచ్చారు, ఫొటోలో ఊరి మనిషి ఒకరు ఉండాలట. వాదిమ్ ఎద్వార్దొవిచ్ బోల్టు ఆమె చేతికి అందించి, ఒక్కసారి మోగించమని మెల్లగా అడిగాడు.

ఆమె బోల్టు పట్టుకుని యెఫీమ్ ఇల్లు ఉన్న వైపు చూస్తూ నిలబడింది.

"ఎవరు వినాలని?" అంది.

 ఆమె బోల్టుని ఆయన చేతిలోనే పెట్టేసి కారు వైపు నడిచింది. ఫొటో తీసేవాడు ఎండ పోతోందని తొందరపెట్టాడు. వాదిమ్ ఎద్వార్దొవిచ్ తనే కొట్టాడు. నేను మోగాను. ఇనుముని నేను, ఎవడు కొట్టినా మోగాల్సిందే, నా చేతుల్లో ఏమీ లేదు. నేల అదిరింది, ఆ అదురు కాలిన దూలాల దాకా పోయింది. ప్రోహరవ్నా చెవులు మూసుకుని కారు ఎక్కింది.