రెండుగా చీలిన రైలు

రాజోలు దగ్గర హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పే సుందరరావు మాస్టారు యూరప్ పటాన్ని చూడకుండా బోర్డు మీద గీయగలడు. ఇటలీని బూటులా గీసి, దాని నెత్తిన ఆల్ప్స్ కొండలు పేర్చి, డాన్యూబ్ ఒక గీత, రైన్ ఒక గీత లాగేసరికి పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూసేవారు. తను గీసే ఆ గీతల్ని ఒక్కసారి కళ్ళారా చూడాలన్నది అతని కోరిక. మేడ వేసుకుందామని దాచిన డబ్బుని దానికే కేటాయించి, 2005 వేసవి సెలవుల్లో భార్యను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

భార్య స్టెల్లా అదే ఊళ్ళో ఇంకో బడిలో లెక్కల టీచరు. ఆమెకు యూరప్ మీద మోజేమీ లేదు. అలాగని వద్దనీ అనలేదు. పెళ్ళయిన నాటినుంచి ఎక్కడికి వెళ్ళాలో, ఏం కొనాలో, జ్వరమొస్తే ఏ డాక్టరుకి చూపించుకోవాలో అన్నీ సుందరరావే చూసుకునేవాడు. తన జీతం కూడా అతని చేతికే ఇచ్చేది. తాగడు, తిట్టడు, చెయ్యెత్తడు. అలాంటి మనిషి దొరికినందుకు తోటి టీచర్లు ఆమెను చూసి కుళ్ళుకునేవారు కూడా. కూతుర్ని అమలాపురంలో తన తల్లి సత్తెమ్మ దగ్గర దిగబెట్టి, అటుకులు, ఆవకాయ, చారుపొడి, చిన్న కరెంటు కుక్కరు సర్దుకుని విమానం ఎక్కింది.

రోము నగరంలో దిగిన మర్నాటికే ఆమెకు సంగతి అర్థమైంది. చేతిలో ఉన్నది చాలా తక్కువ, చూడాల్సినవి చాలా ఎక్కువ. సుందరరావు అన్నిటికీ ఒక పద్ధతి పెట్టాడు. రాత్రి పడక, దేశాలు తిరిగే కుర్రాళ్ళ కోసం పెట్టిన చవక హాస్టళ్ళలో. మగవాళ్ళ హాలు వేరు, ఆడవాళ్ళ హాలు వేరు. అంతస్తుల మంచాల మీద, భాష తెలియని అమ్మాయిల మధ్య, చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిచ్చెనెక్కి ఆమె పడుకునేది. పొద్దున్నే అందర్నీ బయటికి పంపేసి తాళం వేస్తారు, మళ్ళీ సాయంత్రం గానీ తెరవరు. ఆ మధ్య కాలమంతా నడకే. బస్సెక్కితే డబ్బు, కూర్చుని కాఫీ తాగితే డబ్బు. పేవ్‌మెంట్ల మీద నడిచి నడిచి ఆమె మడమలు పగిలాయి. అతను మాత్రం పదడుగులు ముందు, పిల్లలకి పాఠం చెప్పినట్టు ఏ రాజు ఏది కట్టించాడో చెప్పుకుంటూ, వెనక్కి తిరిగి చూడకుండా సాగిపోయేవాడు.

వీటన్నిటినీ ఆమె ఓర్చుకునేదే. ఓర్చుకోలేకపోయింది ఒక్కదాన్ని.

అక్కడ స్టేషన్లోనైనా వీధిలోనైనా మరుగుదొడ్డికి వెళ్ళాలంటే నాణెం వెయ్యాలి. యూరోలు, పాస్‌పోర్టులు, రైలు పాసులు అన్నీ ఒక గుడ్డసంచిలో పెట్టి సుందరరావు మెళ్ళో వేసుకుని బనీను లోపల దాచాడు. మొదటిసారి ఆమె అడిగితే ఇచ్చాడు. రెండోసారి అడిగితే, హాస్టల్లోనే వెళ్ళి రావలసింది కదా అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. మూడోసారి నిట్టూర్చి, జనానికి వీపు తిప్పి, చొక్కా గుండీలు ఊడదీసి, సంచి పైకి లాగి, నాణెం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. పక్కన నిలబడ్డ ఇద్దరు ముసలివాళ్ళు అదంతా చూశారు. నలభై మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే స్టెల్లా, ఒంటికి వెళ్ళడానికి అనుమతి అడిగే పిల్లలాగా అక్కడ నిలబడింది.

ఆ రోజునుంచి ఆమె మంచినీళ్ళు తాగడం మానేసింది. పొద్దున హాస్టల్లో రెండు గుక్కలు, మళ్ళీ సాయంత్రం రెండు గుక్కలు. అతను సీసా అందిస్తే పెదాలు తడుపుకుని ఇచ్చేసేది. వెనిస్‌కి వెళ్ళేసరికి పొత్తికడుపులో మంట మొదలైంది. ఊరంతా నీళ్ళే. ఆ నీళ్ళ పక్కన నాలుక పిడచగట్టుకుపోయి ఆమె నడిచింది. వియన్నాలో డాన్యూబ్ ఒడ్డున నిలబడి సుందరరావు, మన వశిష్ఠ గోదావరిలో సగం కూడా లేదే అని కాస్త చిన్నబుచ్చుకున్నాడు. అసలు చూడవలసింది రైన్ నదేనని, అది చూశాక ప్యారిస్ అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. అప్పటికి ఆమెకు ఒళ్ళు వెచ్చబడింది. చెప్పలేదు. చెబితే డాక్టరు, డాక్టరంటే డబ్బు, డబ్బంటే మళ్ళీ ఆ గుండీలు ఊడదీయడం.

వియన్నా నుంచి మ్యూనిక్ వెళ్ళే రైలెక్కాక ఆమె ప్రాణం కుదుటపడింది. రైల్లో నాణెం అక్కర్లేదు. అందుకే రైలంటే చాలు ఆమెకు పండగలా ఉండేది. సుందరరావు మోకాళ్ళ మీద పటం పరుచుకుని కునుకుతీస్తుంటే లేచి వెళ్ళింది. తమ పెట్టెలో మరుగుదొడ్డి తలుపుకి తాళం వేసి ఉంది. పక్క పెట్టెలో జనం. ఆ పక్కది, ఆ పక్కది చూసుకుంటూ బాగా వెనక్కి వెళ్ళిపోయింది. ఖాళీగా దొరికిన దాంట్లో కడుపు పట్టుకుని చాలాసేపు కూర్చుంది. రైలు ఏదో స్టేషన్లో ఆగింది, ఒక కుదుపు వచ్చింది, మళ్ళీ కదిలింది. ఆమె బయటికి వచ్చి ముందుకు నడుచుకుంటూ పోతే ఒకచోట దారి ఆగిపోయింది. అద్దంలోంచి చూస్తే ఎదురుగా పెట్టె లేదు, పట్టాలున్నాయి.

ఆ జంక్షన్లో రైలు రెండుగా చీలుతుందట. ముందు పెట్టెలు మ్యూనిక్‌కి, వెనక పెట్టెలు కొండల్లోకి. అక్కడ అది రోజూ జరిగేదే.

స్టెల్లా అద్దానికి చెయ్యి ఆనించి నిలబడిపోయింది. గొలుసు లాగుదామంటే ఎక్కడుందో తెలియదు. కిటికీ బయట పచ్చటి కొండలు రెండు పక్కలనుంచీ దగ్గరకు జరుగుతున్నాయి. చేతిలో రుమాలు తప్ప మరేమీ లేదు.

టికెట్లు చూసే ఆవిడ వచ్చింది. టికెట్టు లేదని, భర్త దగ్గర ఉందని స్టెల్లా వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది. పాస్‌పోర్టు? అదీ ఆయన దగ్గరే. రాత్రి ఎక్కడ దిగుదామనుకున్నారు, ఏ హాస్టలు? తెలియదు. మ్యూనిక్ తర్వాత ఎక్కడికి? తెలియదు. భర్తకు ఫోనుందా? లేదు. ఆవిడ విసుక్కోలేదు, నెమ్మదిగానే అడిగింది. ఒక్కొక్క ప్రశ్నకీ తెలియదు, తెలియదు అనే చెప్పింది స్టెల్లా. చివరికి తనే ఒక ప్రశ్న అడిగింది.

"ఇది ఏ దేశమండీ?"

తెలుగులో అడిగేశానని కాసేపటికి తోచి, మళ్ళీ ఇంగ్లీషులో అడిగింది. ఆస్ట్రియా అని ఆవిడ చెప్పింది. తను ఎక్కడుందో, ఎటు పోతోందో తెలియకుండా ఇన్ని వేల మైళ్ళు వచ్చేశానని అప్పుడు తెలిసొచ్చింది స్టెల్లాకి. ఇంటిదగ్గర మాత్రం ఏం తెలుసు? తన జీతం ఏ బ్యాంకులో ఎంతుందో తెలుసా? అక్కడైతే ఎప్పుడూ రైలు చీలలేదు, అంతే.

ఆ పెట్టెలు చివరికి చెరువంత సరస్సు పక్కన ఒక చిన్న ఊళ్ళో ఆగాయి. స్టేషను మాస్టరు గదిలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. జగ్గు ఖాళీ అయ్యేదాకా తాగింది. ఎక్కడెక్కడికో ఫోన్లు చేశారు. అవతలి స్టేషన్లో సామాన్లతో దిగిపోయి, కనపడిన యూనిఫాం మనిషినల్లా పట్టుకుంటున్న సుందరరావు దొరికాడని చెప్పారు. సాయంత్రం రైలుకి వచ్చాడు. రెండు సంచులూ, కుక్కరూ మోసుకుంటూ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. కళ్ళు చూస్తే ఏడ్చినట్టున్నాడు.

"నేను చెప్పకుండా సీట్లోంచి లేవొద్దన్నానా లేదా?" అన్నాడు.

"నా పాస్‌పోర్టు నాకిచ్చెయ్యండి" అంది స్టెల్లా.

"నా దగ్గర భద్రంగానే ఉందిగా."

"ఇచ్చెయ్యండి" అని చెయ్యి చాపింది. అతను ఆ చెయ్యి పట్టుకుని చూస్తే కాలిపోతోంది.

ఆసుపత్రిలో మూత్రపిండాల దాకా చీము పాకిందన్నారు. వీసా కోసం కొన్న బీమా వైద్యానికి సరిపోయింది గానీ, ఆ ఊళ్ళో ఉండడానికి అయిన ఖర్చు మిగిలిన ప్రయాణాన్ని మింగేసింది. ఒక ముసలమ్మగారి ఇంట్లో గది తీసుకున్నారు. అక్కడ సుందరరావు కుక్కర్లో జావ కాచి తాగించాడు, చీరలు ఉతికి ఆరేశాడు, దుప్పటి కప్పి ఆమె పగిలిన మడమలకి వాజ్‌లైను రాశాడు. రైన్ నది ఊసెత్తలేదు. ప్యారిస్ ఊసెత్తలేదు. ఆమెకు నడిచే ఓపిక వచ్చాక, వచ్చిన దారినే రోము చేరి విమానమెక్కారు. పాస్‌పోర్టు మాత్రం అతని మెళ్ళోనే ఉంది. ఆమె మళ్ళీ అడగలేదు.

ఊరొచ్చాక అసలు బాధ మొదలైంది.

సుందరరావుకి ఆ యాత్ర చెప్పుకోవడానికి కథ కావాలి. రైన్ చూడని యాత్రని ఎలా చెప్పడం? అందుకని రైలు చీలిన కథ చెప్పడం మొదలెట్టాడు. స్టాఫ్ రూములో చెప్పాడు, చర్చి బయట చెప్పాడు, బంధువుల ఇళ్ళలో చెప్పాడు. చెప్పిన కొద్దీ కథకు నిగారింపు వచ్చింది. మా ఆవిడ బాత్రూముకని వెళ్ళి వేరే దేశం వెళ్ళిపోయింది అనేసరికి జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. స్టెల్లా కూడా నవ్వేది. నవ్వకపోతే బాగుండదు. బజార్లో, ప్రార్థన కూటంలో, ఆఖరికి క్లాసులో పిల్లల గుసగుసల్లో కూడా ఆ కథ ఆమెకు ఎదురయ్యేది. ఎక్కడికి వెళ్ళినా ఆ రైలు పెట్టెలోనే ఉన్నట్టుండేది.

డిసెంబరులో సుందరరావు బళ్ళోనే పనిచేసే భీమరాజు మాస్టారు రిటైరైతే ఆయన ఇంటి ముందు షామియానా వేసి విందు పెట్టారు. భోజనాలయ్యాక ఆ రైలు కథ చెప్పమని ఎవరో అడిగారు, సుందరరావు ఎత్తుకున్నాడు. అంతా నవ్వాల్సిన చోటల్లా నవ్వారు. చివర్లో భీమరాజుగారి భార్య వెంకటలక్ష్మి, నవ్వుతూనే, "అన్ని పెట్టెలు దాటి దేనికి వెళ్ళేరు స్టెల్లాగారూ, దిగేక వెళ్ళొచ్చు కదండీ?" అంది.

"దిగితే డబ్బులివ్వాలండి" అంది స్టెల్లా. "ఆయన్ని అడగాలి. అడగలేక మంచినీళ్ళు తాగడం మానేసేను. అందుకే జబ్బుచేసిందండి."

గట్టిగా చెప్పలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. వెంకటలక్ష్మి నవ్వు ఆపేసింది. ఎవరో కుర్చీ జరిపారు. భీమరాజు మాస్టారు, కిళ్ళీలు ఇంకా రాలేదేమిటర్రా అని లోపలికి కేకేశారు.

ఇంటికొచ్చాక సుందరరావు, నలుగురిలో నా పరువు తీసేవు అన్నాడు. తర్వాత మూడు నాలుగు రోజులు పలకలేదు. నీళ్ళు మానేసిన సంగతి నిజంగా అతనికి తెలియదని ఆ మౌనంలోనే ఆమెకు అర్థమైంది. నీళ్ళ సీసా ప్రతిసారీ నిండుగా వెనక్కి వస్తుంటే, ఆమె పొదుపుగా వాడుతోందనుకున్నానని తర్వాత అతనే చెప్పాడు.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి ఆమె చేపలు కడుగుతుంటే పెరట్లోకి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాకు చెప్పనివి ఇంకేమన్నా ఉన్నాయా?" అని అడిగాడు.

"ఉన్నాయండి."

వెళ్ళిపోతాడనుకుంది. పీట లాక్కుని కూర్చున్నాడు. ఎక్కడ మొదలెట్టాలో ఆమెకు తోచలేదు. చివరికి, తన జీతం తన పేర వేరే ఖాతాలో పడాలని చెప్పింది. అతను ఒప్పుకోలేదు. ఎందుకు కుదరదో చెప్పాడు. ఆమె ఎందుకు కుదురుతుందో చెప్పింది. మాట మీద మాట పెరిగింది, కూతురు తొంగిచూసి లోపలికి పోయింది. ఎండ పెరటిగోడ దాటినా ఇద్దరూ లేవలేదు. ఏదీ తేలలేదు. కానీ, ఇంకా చెప్పనివేమిటని అతనే మళ్ళీ అడిగాడు. స్టెల్లా చేపల పళ్ళెం పక్కకు పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, అతనికి ఎదురుగా కూర్చుంది.