వనజ రుచి చూసిన సినిమా

చేపైనా, ఉడకేసిన శనగలైనా, తను ముందు నోట్లో వేసుకుని చూడందే వనజ బిడ్డకు పెట్టదు. చేపలో ముల్లుంటదని, శనగల్లో రాయి ఉంటదని, పాలైతే విరిగినయేమోనని. కొత్తకోటలో హైవే వెనక మెకానిక్కుల గల్లీలో ఆమె ఇల్లు. రోడ్డు మీద ఏ లారీ కీచుమని బ్రేకు వేసినా చేతిలో ఉన్నది అక్కడ్నే పడేసి వాకిట్లోకి ఉరుకుతది. పెనిమిటి నాగేశ్ లారీల కింద దూరి పనిచేసేటోడు. జాకీ జారితే ఎట్ల అని పొద్దుగాల మొదలైన బుగులు, సాయంత్రం ఆయన నూనె చేతులతో గడప తొక్కితే గని చల్లారదు.

"భయం లేని రోజు నీకు ఇంకా భయమైతదే" అని నవ్వుతుంటడు నాగేశ్.

నవ్వేటోళ్లకేం, నవ్వుతరు. ఒక్కగానొక్క బిడ్డ సింధూజ. మూడో తరగతి. పోయినేడు పీర్ల పండుగకు వనజ వాళ్ల తల్లిగారింటికి పోతే, పులి వేషం కట్టినోడు డప్పు దెబ్బకు ఎగిరొచ్చి సరిగ్గా ఈ పిల్ల ముందర దుంకిండు. అంతే. పిల్లకు దడుపు జ్వరం. దవాఖానలో సూది వేయించింది, దర్గా కాడ తాయెత్తు కట్టించింది. ఏది పనిచేసిందో వనజకు తెల్వదు గని, దడుపు అనేది పసిపిల్ల ఒంట్లోకి ఎట్ల దూరుతదో మాత్రం కండ్లార చూసింది.

అందుకే వినాయకుని మండపం కాడ జితేందర్ ఆ సినిమా పేరు చెప్పంగనే ఆమెకు గుండెల రాయి పడ్డట్టయింది.

జితేందర్‌కు బస్టాండు దగ్గర ఫ్లెక్సీల దుకాణం. గల్లీ యూత్ సంఘానికి వాడే పెద్ద. శనివారం సందెకాడ పూజ అయినంక పిల్లల కోసమని పెద్ద తెర కట్టి సినిమా వేస్తమన్నడు. సినిమా పేరు 'మొగం లేని రాణి'. ఎక్కడిదో పరాయి దేశం సినిమా, తెలుగు మాటలు పెట్టింరు.

"పిల్లల సినిమానే వదినా" అన్నడు జితేందర్. "మంత్రాలు, గుర్రాలు, కోటలు... మస్తుంటది."

"ఆ రాణికి మొగమేది మరి?"

"లేదు గనుకనే గదా ఆ పేరు."

"మొగం లేనిదాన్ని తీసుకొచ్చి పసిపిల్లలకు చూపిస్తవా? నీకు పెండ్లా, పిల్లలా! నీకేమెరుక?"

ఎదురింటి రేణుకమ్మ మండపం ముందర ముగ్గు వేస్తున్నది. తల ఎత్తకుండనే అందుకున్నది. "జర చూసుకో జితేందర్. ఇంకొంచెం ఆగితే వినాయకునికి కూడా ఏనుగు తల తీసి మనిషి తల పెట్టమంటది, పిల్లలు దడుసుకుంటరని!"

అందరు గొల్లుమన్నరు. వనజ మొగం మాడిపోయింది. జితేందర్‌కు పాపమనిపించిందో, పోరు ఎందుకనుకున్నడో, "సరే వదినా, నువ్వే ముందుగల చూడు" అన్నడు. "నీ ఫోనుకు పంపిస్త. నువ్వు సరే అంటే సినిమా, వద్దంటే భజన. ఈ గల్లీకి నువ్వే జడ్జివి."

చుట్టూ ఉన్న పిల్లలంతా ఒక్కసారే వనజ పక్కనున్న సింధూజ దిక్కు చూసింరు. ఆ చూపు వనజకు అర్థమైంది. సరే అన్నంక ఏ ఒక్క పిల్లకు ఒళ్లు కాలినా తల్లులందరు వచ్చి తన వాకిట్ల నిలబడతరు. వద్దంటే తన బిడ్డతోని ఎవ్వరు ఆడరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం వంటింట్లో కూసున్నది. తలుపు బార్లా తెరిచింది. ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, చప్పుడు సగం తగ్గించి, బెండకాయలు కోసుకుంట సినిమా చూసింది. ఆ రాజ్యంలో మొగం లేని రాణి ఒకామె మనుషుల నీడలను గుంజుకపోతుంటది. నీడ పోయినోళ్లు నిలబడ్డకాడనే రాయైపోతరు. ఒక చిన్నపిల్ల ఆడుకోను పోయింది. తల్లి రొట్టె ముక్క చేతిలో పట్టుకుని, తిందువు రమ్మని వాకిట్ల నిలబడి పిలుస్తున్నది. వెనక నుంచి రాణి వచ్చింది. ముక్కు లేదు, నోరు లేదు, కండ్లు లేవు, అంతా బోడి గోడ తీరు. తల్లి నీడ కొసను పట్టి చీర గుంజినట్టు గుంజింది. రొట్టె పట్టుకున్న చెయ్యి చాచినట్టే ఉన్నది, తల్లి రాయైపోయింది. పిల్ల ఉరుక్కుంట వచ్చి ఆ చేతిని పట్టుకుని ఊపుతున్నది...

వనజ ఫోనును బోర్లా పడేసింది. సగం కోసిన బెండకాయలు సగంల్నే ఉండె. చెప్పులు కూడా వేసుకోకుండ జితేందర్ దుకాణానికి పోయి, "భజనే పెట్టురి" అని చెప్పి వచ్చింది.

సాయంత్రం సింధూజ బడి సంచి విసిరికొట్టింది. "నీ వల్లనే అమ్మా! అందరు నన్నే తిడుతున్నరు. అండ్ల అంత ఏమున్నదని?"

చెప్తే బిడ్డకే అర్థమైతదనుకున్నది వనజ. అట్లట్ల చెప్పింది. నీడ గుంజుడు, తల్లి రాయి అయ్యుడు, పిల్ల చెయ్యి పట్టి ఊపుడు.

"తర్వాత?"

"తర్వాత ఏమో. నేను బంద్ చేసిన."

పిల్ల ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. మర్నాడు పొద్దున వనజ పొయ్యి కాడుంటే ఊకెనే వచ్చి ఆమె చెయ్యి గిల్లుతున్నది. పోతది, మళ్ల వస్తది, గిల్లుతది. ఎందుకే అంటే చెప్పదు. బడికి తయారు చేస్తే గడప పట్టుకుని కూసున్నది.

"నేను బడికి పోతే నువ్వు రాయివైతవు."

వనజ బిడ్డ నుదురు ముట్టి చూసింది. వెచ్చగున్నది.

మంచంల కూసోని ఆకు నములుతున్న అత్త పార్వతమ్మ ఇదంతా చూస్తనే ఉన్నది. "సినిమా చూసింది నువ్వు. దడుసుకున్నది అది. గిదేం ఇచ్చంత్రమే పిల్లా?"

"నేను చూపియ్యలేదత్తా! నోటితోనే చెప్పిన."

"ఎంతదాంక చెప్పినవ్?"

"తల్లి రాయి అయినదాంక."

పార్వతమ్మ ఆకు ఉమ్మేసి వచ్చింది. "మా అమ్మ మాకు కథలు, శాత్రాలు చెప్తుండె. నిద్ర ముంచుకొచ్చినా సరే, లేపి లేపి ఆఖరుదాంక చెప్పి గని పండుకోనియ్యకపోతుండె. శాత్రం నడిమిట్ల ఇడిచిపెడితే, అండ్ల ఉన్నోళ్లు తొవ్వ దొరకక మనింట్లనే ఉండిపోతరంటుండె. నువ్వు ఆ మొగం లేనిదాన్ని ఇంట్లకు తెచ్చి, పొమ్మని చెప్పకపోతివి."

వనజకు ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ముల్లు ఉన్నదో లేదో చూస్తనని చేపను నోట్లో పెట్టుకుని, ముల్లు తగలంగనే దాన్ని తీసి బిడ్డ నోట్లనే పెట్టినట్టు కదా అయింది తను చేసింది!

బిడ్డను తన ఒడిలో పండబెట్టుకుని, అత్తను పక్కన కూసోబెట్టుకుని, ఆపినకాడి నుంచి సినిమా పెట్టింది. తాను మాత్రం కొంగు సందుల్నుంచే చూసింది. పార్వతమ్మకు భయం గియం లేదు.

"మొగం లేకున్నా నగలు మాత్రం బానే దిగేసుకున్నదే!" అన్నది రాణిని చూసి.

సింధూజ ఒడిలోంచి కిసుక్కుమన్నది. కండ్లు మూసుకునే ఉన్నది గని చెవులు ఇక్కడ్నే ఉన్నయి.

సినిమా అయిపోయేసరికి వనజ కొంగు తడిసింది. ముక్కు చీదుకుని బిడ్డకు ఆఖరు దాకా చెప్పింది. సింధూజ అంతా విన్నది. ఇంకొక్కసారి తల్లి చెయ్యి గిల్లి చూసింది. తర్వాత లేచి కూసోని, "ఆకలైతుంది" అన్నది. నుదురు ముడితే చల్లగున్నది.

పప్పన్నం కలిపి పెట్టుకుంట వనజ ఆలోచన చేసింది. పోయినేడు ఆ పులి వేషం మనిషి ఆట అయినంక బోరింగు కాడ మొగం కడుక్కుంటున్నడు. పల్చటి మీసాల పిలగాడు. తను చూసింది. కానీ దడుసుకున్న బిడ్డను సంకనేసుకుని దూరం దూరం ఉరికింది గని, ఇగో చూడు, మనిషే అని ఒక్కసారన్న చూపించిందా? బిడ్డ మనసుల ఆ పులి ఏడాది సంది పులి లెక్కనే ఉండిపోయింది. ఈ సినిమాలనైతే రాణికి ఆఖర్న మొగం వస్తది. వచ్చేదాంక కూసోబెడితే చాలు.

సాయంత్రం మండపం కాడికి పోయి గట్టిగనే చెప్పింది. "సినిమా వెయ్యురి. కానీ నా మాట ఇనాలె. చంటిపిల్లలు వద్దు, వాళ్లకు ఆఖరుదాంక ఓపిక ఉండదు. చిన్న బడిపిల్లలు ఎవరన్న పెద్దోళ్ల ఒడిలో కూసోవాలె. మూడో తరగతి దాటినోళ్లు వాళ్ల ఇష్టం. చప్పుడు మరీ పెంచొద్దు. ఇంకోటి, మొదలుపెట్టినంక నడిమిట్ల ఆపొద్దు. ఎవ్వరు నడిమిట్ల లేచి పోవద్దు."

"కోర్టు తీర్పు వచ్చింది!" అని జితేందర్ చేతులు జోడించిండు. రేణుకమ్మ మాత్రం మూతి తిప్పింది. "నిన్న వద్దంటివి, ఇయ్యాల వెయ్యమంటివి. నా చిన్నది ఇంకా ఒకటో తరగతే, దానికి రేపు ఏమన్న అయితే నిన్నే అడుగుత."

"అడుగక్కా" అన్నది వనజ.

శనివారం హారతి అయినంక జితేందర్ ఒక పాత ఫ్లెక్సీని తెల్లటి వెనక వైపు తిప్పి రెండు గుంజలకు కట్టిండు. గల్లీ అంతా చాపలు పరిచింరు. సింధూజ తల్లి ఒడికి ఆనుకుని కూసున్నది. వనజ బయటికి కదలకుండనే ఉన్నది గని, మనసుల మాత్రం ఉన్న దేవుళ్లందరికి మొక్కుతున్నది.

తెర మీద తల్లి రొట్టె పట్టుకుని వాకిట్లకు వచ్చింది. వెనక రాణి. నీడ కొస పట్టింది. గుంజింది. తల్లి రాయైంది. పిల్ల ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నది—

హైవే దిక్కున ట్రాన్స్‌ఫార్మర్ టప్పుమన్నది. కరెంటు పోయింది.

గల్లీ అంతా చిమ్మచీకటి. ఒక పిల్ల కెవ్వుమన్నది. దాని వెంబడే ఇంకొకటి. ఆ తర్వాత అందరు. జనరేటరు నిమజ్జనం రోజుకే మాట్లాడుకున్నరాయె. రేణుకమ్మ ఏడుస్తున్న తన చిన్నదాన్ని సంకనేసుకుని లేచింది. "ఇంక చాలు, పాండ్రి ఇంటికి! నేను ముందే చెప్పలే?" తల్లులంతా పిల్లలను వెతుక్కుంట లేస్తున్నరు.

వనజ అనుకున్న చెడ్డ అంతా కండ్ల ముందర నిలబడ్డది. ఇంతమంది పిల్లలు, ఇన్ని ఇండ్లు, ఒక్కొక్క ఇంట్లకు తొవ్వ దొరకని ఒక్కొక్క మొగం లేని రాణి. రేపు పొద్దున ఎన్ని నుదుర్లు కాలుతయో!

ఆమెకే తెల్వదు ఎట్ల లేచిందో.

"ఎవ్వరు పోవద్దు!"

గల్లీల ఎన్నడు ఇనని గొంతు అది. నాగేశ్ కూడా ఉలిక్కిపడ్డడు. "కూసోరి! రేణుకక్కా, నువ్వు కూడా కూసో. సగంల పోతే ఆ రాణి మీ వెంటనే వస్తది. ఆఖరుదాంక నేను చూసిన. నేను చెప్త."

తెర ముందటికి పోయి నిలబడ్డది. "జితేందర్, నీ ఫోను లైటు నా దిక్కు పట్టు!"

లైటు పడంగనే తెల్లటి తెర మీద వనజ నీడ లేచి నిలబడ్డది. మండపమంత ఎత్తు! పిల్లల ఏడుపు ఠక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో సింధూజ గొంతు ఒక్కటే ఇనబడ్డది.

"మా అమ్మకు నీడ ఉన్నది! మా అమ్మ రాయి కాదు!"

"రాయి ఎందుకైతనే?" అన్నది వనజ చెయ్యి ఊపుకుంట. తెర మీద ఆ పెద్ద చెయ్యి కూడా ఊగింది. ఎవరో నవ్వింరు. "ఇనురి. ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి, కండ్లు తుడుచుకుని, ఎండిన బాయిల దిగింది. అడుగున ఏమున్నదంటరు? మనం బట్టలు ఆరేసినట్టు దండేల మీద నీడలు ఆరేసి ఉన్నయి! అండ్ల వాళ్లమ్మ నీడ యాడ ఉన్నదో ఎట్ల కనిపెట్టాలె?"

"చెయ్యి చాచి ఉంటది!" అని అరిచింది ఒక పిల్ల.

"శభాష్! దాన్ని పట్టుకున్నదో లేదో, వెనక రాణి వచ్చింది. పిల్ల ఉరకలే. నిలబడి అడిగింది, అందరి నీడలు గుంజుతవు, మరి నీ నీడేది? రాణికి నీడ లేదు! చిన్నగున్నప్పుడు ఎవరో ఆమె నీడనే గుంజుకపోయింరు. దాంతోనే మొగం కూడ పోయింది. అప్పుడా పిల్ల, నా నీడల సగం తీసుకో అన్నది. ఎవరిస్తరు మీల? ముందుకు రారి, మీ నీడలు ఇయ్యురి!"

ముందు సింధూజ లేచింది. ఆ వెనక పిల్లలంతా బిలబిలమని తెర ముందటికి వచ్చి చేతులెత్తింరు. తెరంతా నీడలే. చిన్నయి, పెద్దయి, ఒకదాంట్ల ఒకటి కలిసిపోయి. రేణుకమ్మ చిన్నది కూడా తల్లి సంకల నుంచి జారి, వచ్చి, రెండు చేతులు పైకెత్తింది.

"ఇగో, ఇంతమంది ఇస్తే రాణికి మొగం రాదా? వచ్చింది! ఎట్లున్నది ఆ మొగం? మన తీరే, ముక్కు కారుకుంట ఉన్న చిన్నపిల్ల మొగం. ఇక్కడ తల్లి నీడ తల్లికి వచ్చింది. రాయి కరిగింది. చాచిన చెయ్యితోని రొట్టె ముక్కను బిడ్డ నోట్ల పెట్టి, ఏమన్నది?"

"ఏమన్నది?"

"ఎంతసేపాయె పిలవవట్టి, యాడ తిరుగుతున్నవే!"

గల్లీ అంతా పగలబడి నవ్వింది. చప్పట్లు, ఈలలు. నాగేశ్ అందరికంటే గట్టిగ ఈల వేసిండు. ఎంతకూ రాని కరెంటు సరిగ్గా అప్పుడే వచ్చింది.

"వదినా, యాడి నుంచి పెట్టాలె?" అన్నడు జితేందర్.

"ఆగినకాడి నుంచే" అన్నది వనజ.

రేణుకమ్మ పక్కకు జరిగి తన చాప మీద చోటు చూపించింది. "ఇట్ల రా, కూసో. వచ్చే ఏడు ఏ సినిమా వెయ్యాల్నో నువ్వే చెప్పు తల్లీ. మా చిన్నది నా సంక దిగిపోయింది చూడు."

తెర మీద రాణి బాయిలకు వస్తుంటే పిల్లలంతా ముందే అరుస్తున్నరు, "ముక్కు కారే పిల్లా, నీ మొగం వస్తది ఆగు!" అని. ఒక్కరన్న వెనక్కు జరగలే. సింధూజ అందరికంటే ముందర, రేణుకమ్మ చిన్నదాన్ని ఒడిలో కూసోబెట్టుకుని ఉన్నది. గల్లీ మొత్తంల మొగం మీద కొంగు కప్పుకున్నది వనజ ఒక్కతే. కథ తనే చెప్పింది గని, ఆ బోడి మొగాన్ని ఇంకోసారి చూసే ధైర్యం ఇంకా రాలే.

సింధూజ వెనక్కు తిరిగి చూసింది. లేచి వచ్చి, తల్లి మొగం మీది కొంగు కొసను మెల్లగ పట్టి గుంజింది.

"తియ్యమ్మా. నేను ముందుగల చూసిన. ఏం కాదు, నువ్వు చూడు."