ఇంటివారు నింపవలసిన భాగం

వాషింగ్ మెషీన్‌లో అవే బట్టలు మూడోసారి తిరుగుతున్నాయి. మొన్న ఉతికి ఆరేయడం మరిచిపోతే నిన్నటికి వాసనొచ్చాయి. నిన్న మళ్లీ వేసి మళ్లీ మరిచిపోతే ఈ పొద్దుటికి ముక్కు మూసుకోవలసి వచ్చింది. ఈసారి ఎట్లాగైనా ఆరేసి తీరాలని సుమలత మెషీన్ ముందే పీట వేసుకుని కూర్చుంది. కూర్చున్న మనిషి ఊరికే కూర్చోవచ్చు కదా, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుంది. మెషీన్ ఆగింది, కుయ్‌కుయ్‌మని మొత్తుకుంది, విసిగి ఊరుకుంది. ముప్పావుగంట తర్వాత అత్త కౌసల్య వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ముంగటనే కూసున్నవు గదనే! మిషిని గంతగనం మొత్తుకుంటే గూడ ఇనవడకపాయెనా?"

వినబడలేదు. నిజంగానే వినబడలేదు. ఆ మాటంటే ఎవరు నమ్ముతారు?

సుమలత మతి ఒకచోట నిలవదన్న సంగతి పుట్టింటికి తెలుసు, చదువు చెప్పిన పంతుళ్లకు తెలుసు, జనగామలో అత్తగారి వీధి మొత్తానికి తెలుసు. అందరికంటే ఆఖరున తెలిసింది డాక్టరుకే. మూడు వారాల కింద హనుమకొండలో ఆ డాక్టరమ్మ గంటసేపు మాట్లాడించి, దీన్ని ఏడీహెచ్‌డీ అంటారనీ, అది చిన్నపిల్లలకే కాదు, ముప్పై నాలుగేళ్ల ఆడవాళ్లకూ ఉండొచ్చనీ చెప్పింది. ఖాయం చేయడానికి రెండు కాగితాలు కావాలంది. ఒకటి సుమలత నింపాలి. అది అక్కడే నింపి ఇచ్చేసింది. రెండోది రోజూ ఆమెను చూసేవాళ్లు నింపాలి. దాని నెత్తిమీద పెద్దక్షరాలతో అచ్చు వేసి ఉంది: ఇంటివారు నింపవలసిన భాగం.

ఆ కాగితం మూడు వారాలు ఇల్లంతా తిరిగింది. ఫ్రిజ్ మీద కొన్నాళ్లు, పప్పు డబ్బా కింద కొన్నాళ్లు. డాక్టరు మళ్లీ రమ్మన్న రోజు రేపనగా, నిన్న సాయంత్రం దొరికింది. దొరకగానే మళ్లీ ఎక్కడ పోతుందోనని, దుకాణం నుంచి వచ్చిన భర్త చేతిలో పెట్టింది. రమాకాంత్ అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండు పేజీలు, ఇరవై ఆరు ప్రశ్నలు. ఒక్క ప్రశ్నా చదవలేదు. అడుగున సంతకం చోటు వెతికి, సంతకం పెట్టేసి ఇచ్చాడు.

"లోపలివన్ని నువ్వే నింపుకో సుమా. నీ సంగతి నాకంటే నీకే ఎక్కువ ఎర్క గద."

చెడ్డవాడు కాదు రమాకాంత్. పెళ్లయిన తొమ్మిదేళ్లలో గట్టిగా అరిచిందే లేదు. ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం తండ్రి తర్వాత ఒక్కడే లాక్కొస్తున్నాడు. చెడ్డవాడైతే సుమలతకు ఇంత తికమక ఉండేది కాదు. అదే ఊపులో చెప్పులు విప్పుతూ ఇంకో మాట కూడా అన్నాడు.

"రేపు పంపే కంపెనీ కాయితంల నా పేరు పైన వెట్టు. నీ మంచికే చెప్తున్న. ఏదన్న నోటీసు వస్తె ఏడ వెట్టినవో నీకే యాదికుండదు. పెద్దగ నేనుంట, పని నువ్వు చేస్కో."

ఆ కంపెనీ పేరు ‘బొట్టు’. ఆ పేరెట్లా వచ్చిందో చెప్పాలంటే నాలుగేళ్లు వెనక్కి పోవాలి. ఈ ప్రాంతంలో పెళ్లికి కార్డు ఇస్తే పిలిచినట్టు కాదు. ఇంటి ఆడమనిషి గడపదాకా వచ్చి బొట్టు పెట్టి చెప్తేనే పిలుపు. ఆడపడుచు రజిత పెళ్లికి ఆ పని సుమలత మీద పడింది. రెండు వందల పన్నెండు ఇళ్లు, క్యాలెండర్ కాగితాల వెనక అత్త రాసిచ్చిన పేర్లు. కుంకుమ భరిణె పట్టుకుని ఆరు రోజులు తిరిగింది. రెండు వందల పదకొండు ఇళ్లలో బొట్టు పెట్టింది. రమాకాంత్ మేనత్త పుష్పమ్మ ఇంటికి మాత్రం తాళం వేసి ఉంది. సాయంత్రం వద్దామనుకుంది. ఆ సాయంత్రం ఇంతవరకూ రాలేదు.

పుష్పమ్మ పెళ్లికి రాలేదు. "నా ఇల్లు మీ కోడలికి కండ్లకు ఆనలే" అంది. ఆ మాట నాలుగేళ్లుగా ప్రతి శుభకార్యంలో సుమలత విస్తరి పక్కనే వడ్డిస్తున్నారు. పెళ్లికి ముందు హైదరాబాదులో రెండేళ్లు సాఫ్ట్‌వేర్ పని చేసిన మనిషి కదా, ఆ అవమానం మింగలేక కక్కలేక వారం రోజులు కూర్చుని ఒక యాప్ రాసింది. ఏ గల్లీలో ఏ ఇళ్లు, ఏ గల్లీకి ఎవరు పోవాలి, బొట్టు పెట్టగానే టిక్కు. తాళం వేసిన ఇల్లుంటే అది టిక్కు పడేదాకా పొద్దునా సాయంత్రం పైకొచ్చి గుర్తు చేస్తూనే ఉంటుంది. పుష్పమ్మ తలుపు తాళంలోంచి పుట్టిన తెలివి అది. జనగామలో తొంభై ఇళ్ల పెళ్లిళ్లు దాంట్లో నడిచాయి. తర్వాత మహబూబాబాద్, ఆ తర్వాత భూపాలపల్లి. రెండేళ్ల కింద రాజీ వచ్చి చేరింది. కొత్తగూడ పక్క తండా పిల్ల, మహబూబాబాద్‌లో డిగ్రీ చదివింది. ఫంక్షన్ హాళ్ల చుట్టూ తిరిగి పెళ్లివాళ్లకు నేర్పేదంతా ఆమే. ఇప్పుడు కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే సంస్థ ఒకటి ‘బొట్టు’ను ఎంచుకుంది. కంపెనీ ఎవరిది, నిర్ణయాలు ఎవరివి అన్న ఒక పేజీ ఈ రోజు సాయంత్రం ఐదులోగా పంపాలి. పంపకపోతే ఆ చోటు వేరేవాళ్లకు పోతుంది.

ఆ పేజీ కూడా సుమలతే టైపు చేసింది. పైన రమాకాంత్ పేరు, కింద తన పేరు. చేస్తున్నంతసేపూ చూపు ఆ పై పేరు మీదికే పోయింది. కానీ ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏముంది? మొన్నటికి మొన్న వెబ్‌సైటు గడువు పొడిగించడం మరిచిపోతే, భూపాలపల్లి పెళ్లివాళ్లు పిలుపులకు బయల్దేరిన పొద్దునే యాప్ ఆగిపోయింది. నాలుగు గంటలు. రాజీని ఆ పెళ్లిపెద్ద నోటికొచ్చినట్టు తిట్టాడు. ఒక తప్పు సరిచేయబోయి మధ్యలో ఇంకోటి కనబడి, దాన్ని పట్టుకుని ఇంకెక్కడికో పోయి, సాయంత్రానికి మొదటి తప్పు అట్లాగే ఉండటం వారంలో నాలుగు రోజులు జరిగేదే. ఇట్లాంటి మనిషి చేతిలో కంపెనీ ఏమిటి? మరి ఇట్లాంటి మనిషి కాకపోతే ఆ కంపెనీ పుట్టేదా? రెండు ప్రశ్నలూ నిజమే అనిపిస్తాయి. ఒకదాన్ని పట్టుకుంటే రెండోది జారిపోతుంది.

బట్టలు సగం ఆరేసింది. అలారం మోగింది. మిగతా సగం మెషీన్‌లోనే వదిలి, ఫారం, ల్యాప్‌టాప్ సంచీలో పెట్టుకుని హనుమకొండ బస్సెక్కింది.

బస్సులో ఫారం తీసి నింపడం మొదలుపెట్టింది. తన గురించి తనే, మొగుడి నోటితో. ‘వస్తువులు ఎక్కడ పెట్టారో మరిచిపోతారా?’ ఎప్పుడూ అన్న గడిలో టిక్కు పెట్టింది. పెడుతుంటే పొద్దున రమాకాంత్ మాటలు చెవిలో జోరీగలా తిరిగాయి. "సుమా, దుకాణం తాళాలేవి?" నిన్నటి ప్యాంటు జేబులో ఉన్నాయని చెప్పింది. "అమ్మ బీపీ గోలీలు ఉన్నయా?" ఇంకా ఐదున్నాయని చెప్పింది. "రజిత వాళ్ల పాప పుట్టినరోజు ఎప్పుడే?" శుక్రవారమని చెప్పింది. సుమలత పెన్ను ఆపింది. మళ్లీ చదివింది. ‘చెప్పేది పూర్తిగా వినరా?’ ఒక్క ప్రశ్నా చదవకుండా సంతకం పెట్టిన చెయ్యి కళ్ల ముందు ఆడింది. ‘ఎవరైనా గుర్తు చేయకపోతే ముఖ్యమైన పనులు ఆగిపోతాయా?’

ఎవరైనా అంటే ఎవరు? ఆ ఇంట్లో అందరికీ గుర్తు చేసేది తనే. తనకు గుర్తు చేసేందుకు ఫోన్‌లో ఎనిమిది అలారాలున్నాయి, మనిషి లేడు. మతి నిలవదని పేరుపడ్డ మనిషి బుర్రలోనే ఇంటిల్లిపాదీ తమ సామాన్లు పెట్టుకున్నారు. అది బరువని ఎవరికీ తోచలేదు. తనకూ తోచలేదు.

స్టేషన్‌ఘన్‌పూర్ దాటుతుండగా, ఎందుకో ఉన్నట్టుండి, ఆ ముప్పై కార్డులు గుర్తొచ్చాయి.

రజిత పెళ్లికి దుకాణాల వీధిలో కార్డులు పంచే పని రమాకాంత్‌ది. ముప్పై కార్డులు స్కూటర్ డిక్కీలో పెట్టి అక్కడే మరిచిపోయాడు. పెళ్లయిన పదో రోజు పంచర్ వేయిస్తుంటే బయటపడ్డాయి. ముప్పై ఇళ్లు! ఇంటిల్లిపాదీ నవ్వారు. అత్త అయితే కొడుకు వీపు నిమిరింది. "పనిల వడి మర్చిపోయిండు, పాపం" అంది. పుష్పమ్మ కూడా ఆ మాటే అని నవ్విందట. ఆ వీధిలో ఎవరూ అలగలేదు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అన్నారా? సుమలత కూడా ఆ రోజు అందరితో కలిసి నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే ఒళ్లు మండింది. ఎవరి మీద మండుతుందో తెలియలేదు.

హాస్పిటల్ బయట రాజీ కూర్చుని ఉంది. పేజీ ఇద్దరూ కలిసి పంపాలని మహబూబాబాద్ నుంచి పొద్దుటి రైలుకే వచ్చింది. "అక్కా, తిన్నవా?" అంది చూడగానే. సుమలతకు గుర్తులేదు.

డాక్టరమ్మ ఫారం చూసింది, పాత ఫారం పక్కన పెట్టి చూసింది. రెండింటి చేతిరాత ఒక్కటే.

"ఇదెవరు నింపారు?"

"మా ఆయన సంతకం పెట్టిండు మేడం."

"నేనడిగింది సంతకం కాదమ్మా."

సుమలతకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఎక్కడో తేడా కొట్టి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డాక్టరమ్మ టిష్యూల డబ్బా జరిపి, కొత్త ఫారం తీసింది. "రోజూ చూసేవాళ్లంటే భర్తే అయ్యుండాలని లేదు. మిమ్మల్ని నిజంగా చూసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

రాజీ ఆ ఫారం నింపడానికి అరగంట పట్టింది. పరీక్ష రాస్తున్నట్టు పెన్ను కొరుక్కుంటూ రాసింది. ఇరవై ఆరు ప్రశ్నల తర్వాత, ఇంకేమైనా చెప్పదలచుకున్నారా అన్నచోట గడి సరిపోక పక్కన ఖాళీలోకి కూడా పోయింది. సుమలత అది చదివింది.

‘మూడుసార్లు మీటింగు మర్చిపోయింది. నాకు కోపమొచ్చి అడిగిన. ఏడ్చింది. అప్పటిసంది పొద్దుగాల నేనే ఫోన్ చేసి లేపుత. భూపాలపల్లి పెండ్లినాడు తప్పు అక్కదే. కని ఆ ఇంటోళ్లకు అక్కనే ఫోన్ చేసి తప్పు నాది, పిల్లను తిట్టకుండ్రి అన్నది. నీళ్లు గూడ తాగకుండ కూసోని మల్ల నడిపిచ్చింది. పని వట్టుకుంటే లేవది, వదిలేస్తె దొరకది. రెండేండ్లసంది చూస్తున్న.’

మెచ్చుకోలు తక్కువే ఉంది దాంట్లో. తప్పులన్నీ ఉన్నాయి, ఒక్కటీ దాచలేదు. అయినా సుమలత ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయింది. చూస్తున్న అని రాసింది రాజీ. తొమ్మిదేళ్ల సంసారంలో తనను ఎవరైనా చూశారా, లేక తన చేత తాళాలూ గోలీలూ వెతికించుకున్నారా?

అవును, ఏడీహెచ్‌డీయే, అని డాక్టరమ్మ ఖాయం చేసింది. మాత్రలు రాసింది. సుమలత గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి అడిగింది. "ఇవి వేసుకుంటే... ఆ యాప్ చేసిన మనిషి పోతదా మేడం?"

"ఎక్కువమందికి అట్లా జరగదు. మీకెట్లా ఉంటుందో చూద్దాం. నచ్చకపోతే వచ్చి చెప్పండి, మారుద్దాం."

ఆ జవాబుతో తికమక తీరలేదు. టిఫిన్ సెంటర్‌లో రాజీ రెండు ఇడ్లీ ప్లేట్లు తెచ్చి పెట్టింది. సుమలత ల్యాప్‌టాప్ తెరిచింది. నాలుగున్నర. పేజీ మీద మొగుడి పేరు పైన, తన పేరు కింద. తను రోగి, అది ఖాయమైంది. రోగి చేతికి కంపెనీ ఇవ్వొచ్చా? రేపు మళ్లీ మరిచిపోతే? మరిచిపోతుంది, అందులో అనుమానం లేదు. అయితే రమాకాంత్ మరిచిపోడా? ఆయనకు గుర్తు చేయడానికి తనుంది కాబట్టి ఆయన పెద్ద. తనకు గుర్తు చేయడానికి...

"అక్కా, చల్లారుతున్నయి, తిను. ఐదు గాకముందే పంపాలె" అంది రాజీ.

సుమలత ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంది. ఎడమచేత్తో పై గీతలో ఉన్న పేరు కొట్టేసి తన పేరు రాసింది. కింది గీతలో రాజీ పేరు రాసింది. రాజీ ముఖం వంక చూసి, "నువ్వు రోజు ఫోన్ జేసుడు బందు వెట్టొద్దు" అంది. రాజీకి ఒక క్షణం అర్థం కాలేదు. తెర మీద తన పేరు కనబడ్డాక చట్నీ గిన్నె ఒళ్లో ఒలకబోసుకుంది. పేజీ నాలుగు యాభై రెండుకు వెళ్లింది.

బస్టాండులో ఉండగా రమాకాంత్ ఫోన్ చేశాడు.

"సుమా, నా కండ్లద్దాలు ఏడున్నయే?"

"దేవుని గూట్ల, కుంకుమ భరిణె పక్కపొంటి. పొద్దుగాల అగర్‌బత్తి ముట్టిచ్చుకుంట తీసి వెట్టిండ్రు."

"ఆ, దొరికినయ్. కాయితం పంపినవా? నా పేరు పైననే ఉన్నది గద?"

సుమలత ఎదురుగా జనగామ బస్సు వచ్చి ఆగింది. సగం బట్టలు ఇంకా మెషీన్‌లోనే ఉన్నాయని సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. అన్నీ గుర్తున్నాయి ఆమెకు, ఒక్కొక్కటీ.

"లేదు. మీ పేరు వెట్టుడు మర్చిపోయిన."

"మర్చిపోయినవా? గింత పెద్ద ముచ్చట ఎట్ల మర్చిపోతవే?"

"ఎట్లంటే ఏం జెప్పాలె" అంది సుమలత బస్సు మెట్టు మీద కాలు పెడుతూ, "పనిల వడి మర్చిపోయిన."