బోర్డు మీద ఒక్క పేరు

సోఫాలకు కొత్త గుడ్డ తొడగడంలో అతనిది అందెవేసిన చెయ్యి. విరిగిన చట్రాన్ని మళ్ళీ నిలబెట్టడంలో అక్క మొగుడు, అంటే బావ, రెండాకులు ఎక్కువే చదివాడు. ఇద్దరూ కలిసి కొట్టు పెడదామనుకున్నారు. అనుకున్నంతవరకూ బాగానే ఉంది. కాగితాల మాట రాగానే అతనికి బావ పాత కొట్టు గుర్తొచ్చింది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అన్నట్టు, ఎవడో స్నేహితుడు తన అప్పుకు పూచీ ఉండమంటే బావ కాదనలేక సంతకం పెట్టాడు. స్నేహితుడు చల్లగా జారుకున్నాడు, బావ కొట్టు మూతపడింది.

ఆడిటరు దగ్గరికి అతనొక్కడే వెళ్ళాడు. భాగస్వామ్యమైతే ఒకరు చేసిన అప్పు రెండోవారి మెడకూ చుట్టుకుంటుందని ఆడిటరు చెప్పాడు. ఒక్కరి పేరునే పెట్టుకుంటే కాగితాలు తక్కువ, పెత్తనమంతా ఆ ఒక్కరిదే. కాకపోతే మునిగితే ఇల్లూ వాకిలీ పోయేదీ ఆ ఒక్కరికే. బావగారితో మాట్లాడారా అని అడిగితే, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుని, మాట్లాడాననేశాడు. తన పేరొక్కటే రాయించుకుని వచ్చాడు. బావతో మాత్రం, అదే సులువుట, అని ముక్తసరిగా తేల్చేశాడు. ఆ మాట అంటున్నప్పుడే సిగ్గేసింది. సిగ్గును దిగమింగాడు. మనిషన్నవాడు అన్నం కన్నా ఎక్కువ మింగేది అదే.

కొట్టు తెరిచే రోజు బోర్డు చట్రం బావే చేసి తెచ్చాడు. చక్కగా చిత్రిక పట్టి, అంచులు గుండ్రంగా తీశాడు. యజమాని అని ఉన్నచోట బామ్మర్ది పేరొక్కటే ఉంటే, దాన్ని చొక్కా అంచుతో తుడిచి మురిసిపోయాడు. కొట్టు చూడ్డానికొచ్చిన కలప వ్యాపారికి పనిగట్టుకుని మరీ చెప్పాడు.

"పాత దెబ్బ నాకింకా మానలేదని మా బామ్మర్దికి తెలుసండీ. రేపు నష్టమొచ్చినా అది నా గడప తొక్కకుండా బరువంతా వాడొక్కడే నెత్తినేసుకున్నాడు. పైకి ఒక్క మాట చెప్పలేదు. కడుపున పుట్టినవాళ్ళు కూడా అంత చెయ్యరు."

అతనికి తల తీసేసినట్టయింది. రెక్సిన్ చుట్టల వెనక్కి వెళ్ళి, పదునుగా ఉన్న కత్తెరకే మళ్ళీ పదును పెట్టసాగాడు. అక్క అక్కడికి వచ్చింది. వకీలు దగ్గర ఏళ్ళతరబడి టైపు చేసిన మనిషి; ఇలాంటి కాగితాలు ఎన్ని చూసిందో.

"రేపే వెళ్ళి బావ పేరు కూడా పెట్టించేస్తానక్కా," అన్నాడు ఆమె అడక్కుండానే.

"ఇప్పుడు మారిస్తే, ముందెందుకు పెట్టలేదో ఆయనకి తెలిసిపోతుందిరా." అక్క గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. "స్నేహితుడు ముంచితే తట్టుకున్నాడు. నువ్వు నమ్మలేదని తెలిస్తే తట్టుకోలేడు. ఆయన అనుకుంటున్న బామ్మర్దిలా ఉండు, చాలు."

బోర్డు తిన్నగా ఉందో లేదో చూసి చెప్పమని బయట నిచ్చెన మీంచి బావ కేకేశాడు. అతను వెళ్ళి నిచ్చెన పట్టుకున్నాడు. తల మాత్రం ఎత్తలేకపోయాడు.

"తిన్నగానే ఉంది బావా," అన్నాడు, బావ పాదాలకేసి చూస్తూ.