కాళ్ళ కింది రేకు

పాత ఇనుము కొనే మనిషి ట్రాలీ ఆటో వేసుకొని వచ్చేసరికి పోశాలు తన అంబాసిడర్ కారు మీద పేర్చిన ఖాళీ సంచులు, తాటికమ్మలు తీసి పక్కన పడేశాడు. పన్నెండేళ్ళుగా ఆ కారు నెల్లికుదురులో వాళ్ళ ఇంటి పక్క షెడ్డులోనే కదలకుండా ఉంది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు కిరాయికి తిరిగింది. పెళ్ళికొడుకులను మోసింది, పురిటి నొప్పులు పడే ఆడవాళ్ళను మహబూబాబాద్ దవాఖానకు చేర్చింది. నాట్లు మొదలైతే తొర్రూరు నుంచి యూరియా బస్తాలు కూడా మోసింది. షేర్ ఆటోలు వచ్చాక దాన్ని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. పోశాలు ఒక రైసు మిల్లులో కాపలా పనికి కుదిరాడు.

అతని భార్య యాదమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"పోతే పోయింది గని," అంది తల ఎత్తకుండానే, "గీ కారు ముందు సీట్ల నేను ఒక్కసారన్న కూసోలే."

పోశాలు నవ్వాడు. "గన్నిసార్లు ఎక్కితివి గదనే!"

"ఎక్కిన. ఎనుక ఎక్కిన. మా అన్న పెండ్లికి నలుగురి నడుమ ఎనుక కూసున్న. ఆపరేషన్‌కు దవాఖానకు పోయినప్పుడు గూడ ఎనుకనే. ముందట గిరాకీని కూసోవెడ్తివి. యూరియా బస్తా గూడ ముందట కూసున్నది. నేను కూసోలే."

ఆమె కోపంగా అనలేదు. గింజలు తీస్తూ తీస్తూ ఉన్నమాట అనేసి, మళ్ళీ పనిలో పడింది. పోశాలుకు మాత్రం ఆ మాట అక్కడితో పోలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు తలుపు తీసి, ఎలుకలు కొరికిన సీటు మీద చెయ్యి వేసి చూశాడు.

"ఎత్తుదామా అన్నా?" అన్నాడు ఇనుము మనిషి, గొలుసు తీస్తూ.

"ఇయ్యాల గాదు తమ్మీ."

"మల్లెప్పుడు రమ్మంటవ్?"

"రాకు," అన్నాడు పోశాలు.

ఇంజను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. కొత్త బ్యాటరీ వేసి, డీజిల్ ట్యాంకు దించి కడిగి, పైపులు మార్చేసరికి నాలుగో రోజున దగ్గి, నల్లటి పొగ వదిలి, లేచింది. ఎదురింటి బర్రె తలుగు తెంపుకొని పారిపోయింది. పోశాలు ఆ సాయంత్రం మిల్లుకు పాట పాడుకుంటూ వెళ్ళాడు.

చిక్కంతా బాడీతో వచ్చింది. తుప్పు తిన్న తలుపుల అంచులు వేలు తగిలితే పొరలు పొరలుగా రాలుతున్నాయి. కారును మహబూబాబాద్‌లో ఒక పెయింటర్ దగ్గరికి తీసుకుపోయాడు. పెయింటర్ వంగి చూసి, తలుపు కింద బొటనవేలితో నొక్కాడు. వేలు లోపలికి దిగింది.

"అన్నా, గిదంత కోసి కొత్త రేకు ఎయ్యాలె. పని లంబా ఉంటది. లేకుంటే పైన లప్పం వెట్టి బొక్కలు కప్పి రంగు కొడ్త. పైకి సూస్తానికి మంచిగుంటది. లోపలికి మాత్రం నేను జిమ్మేదార్ గాదు. సోంచాయించుకో."

పోశాలు ఎంతోసేపు ఆలోచించలేదు. "రంగు కొట్టు. జల్ది గావాలె," అన్నాడు.

పది రోజుల్లో కారు పాలమీగడ రంగుతో ఇంటికొచ్చింది. సందులోని జనమంతా వచ్చి చుట్టూ తిరిగి చూశారు. ఒకాయన అద్దంలో మీసం సవరించుకున్నాడు. యాదమ్మ కంచిపట్టు చీర కట్టుకుంది. ముందు సీటులో కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, అటూ ఇటూ చూసింది. "గింత పెద్దగుంటదా అద్దం!" అంది. పోశాలు కారును తొర్రూరు రోడ్డు ఎక్కించాడు.

మృగశిర జల్లులు అప్పుడే మొదలయ్యాయి. రోడ్డు తడిగా ఉంది. ఊరు దాటి మూడు కిలోమీటర్లు పోయాక స్పీడ్ బ్రేకర్ ఒకటి వచ్చింది. కారు ఎగిరి పడింది. కింద ఎక్కడో బట్ట చిరిగినట్టు చప్పుడైంది.

"అయ్యో, జర ఆపు," అంది యాదమ్మ. "రోడ్డు కనవడ్తున్నది."

"ముందట కూసుంటే రోడ్డు గాక ఏం గనవడ్తది?"

"ముందట గాదయ్యా! కింద!"

పోశాలు బ్రేకు తొక్కాడు. యాదమ్మ కాళ్ళ మధ్య అన్నం కంచమంత కంత పడింది. అందులోంచి తడిసిన తారు కనిపిస్తోంది. ఆమె ఎడమ కాలి చెప్పు లేదు. వెనక్కి తిరిగి చూస్తే, గొర్రెలు తోలుకొస్తున్న ఒకతను ఆ చెప్పును రోడ్డు మీదినుంచి తీసి, ఇది ఆకాశంలోంచి పడిందా అన్నట్టు పైకి చూస్తున్నాడు.

యాదమ్మకు నవ్వు ఆగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. పోశాలు నవ్వలేదు. చెప్పు తెచ్చి ఇచ్చి, ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టి, మెల్లగా ఇంటికి తోలాడు.

ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగాక యాదమ్మ అడిగింది. "లోపల గిట్లున్నదని నీకు ఎర్కేనా?"

"ఎర్కే," అన్నాడు పోశాలు.

"మరి నన్నెట్ల కూసోవెడ్తివి?"

ఈసారి ఆమె గొంతులో నవ్వు లేదు. పోశాలు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకున్న మొహాన్నే మళ్ళీ తుడుచుకున్నాడు.

"రంగు సూసి నేనే మర్శిపోయిన యాదమ్మా," అన్నాడు చివరికి.

అది నిజమేనని ఆమెకు తెలుసు. మనిషి అబద్ధాలకోరు కాదు, తొందరగాడు. ఆమె లేచి పట్టు చీర విప్పి మడత పెట్టి, పాత నూలు చీర కట్టుకుంది. "రేపు దంతాలపల్లి పోదాం. రుక్కి తాన," అంది.

రుక్కికి దంతాలపల్లి రోడ్డు మీద వెల్డింగ్ షాపు ఉంది. ఊరవతల తండా ఆమెది. భర్త భూపాలపల్లి బొగ్గు గనుల దగ్గర పనికి పోయాక షాపును ఆమే నడుపుతోంది. పోశాలు వాళ్ళ పశువుల కొట్టానికి గేటు చేసింది ఆమే. ఆరేళ్ళయినా ఆ గేటు ఇంతవరకు వంగలేదు. కంత మీద చెక్కపలక వేసి, ఇరవై స్పీడు దాటకుండా కారును ఆమె దగ్గరికి తోలుకుపోయారు.

రుక్కి కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి చూసింది. "కాకా, నేను ట్రాలీలు జేస్త, గేట్లు జేస్త. కారు ఎన్నడు ముట్టలే."

"మా గేటుకు లప్పం వెట్టినవా?" అంది యాదమ్మ.

"గేటుకు లప్పమెందుకు చిన్నమ్మా?"

"గదే. గట్లనే జెయ్యి."

రుక్కి నవ్వింది. చిన్న సుత్తె ఒకటి తీసి యాదమ్మ చేతికిచ్చింది. "అయితే నువ్వు కొట్టుకుంట రా. ఖంగుమంటే రేకు మంచిదన్నట్టు. బద్దుమంటే జంగు తిన్నదన్నట్టు. బద్దుమన్న కాడ సుద్దతోని గీత గియ్యి."

యాదమ్మ మధ్యాహ్నం దాకా కారు చుట్టూ తిరుగుతూ సుత్తెతో తట్టింది. చెవి దగ్గరపెట్టి వింది. గీతలు గీసింది. బద్దుమన్న ప్రతిసారీ పోశాలు ముఖం చిన్నబోయింది. తలుపుల కింది భాగం, ముందు సీటు దగ్గర కాళ్ళు పెట్టే చోటు, డిక్కీ అడుగు అంతా గీతలే. యూరియా బస్తాలు మోసిన డిక్కీ అయితే తట్టకముందే రాలింది. ఆ సాయంత్రం రుక్కి గ్రైండర్ పెట్టి పాలమీగడ రంగును గీకడం మొదలుపెట్టింది. పోశాలు చూడలేక చాయ్ తాగడానికి పోయాడు. చాయ్ తాగి వచ్చాడు. గ్రైండర్ ఇంకా మోగుతోంది. మళ్ళీ చాయ్‌కి పోయాడు.

మర్నాడు తలుపు కింద, పెట్టెలా మూసి ఉన్న పొడుగాటి రేకును రుక్కి కోసింది. అందులోంచి తడి మట్టి కుప్పగా జారిపడింది. ఆమె వంగి, రేకు అడుగున వేలు పెట్టి తడిమింది.

"నీళ్ళు పోతానికి కంపెనోడు గీడ బొక్కలు వెట్టిండు. గీటికి డాంబరు ఎవ్వడు పూసిండు?"

పోశాలు వంగి ఆ బొక్కల వైపు చూశాడు.

"నేనే," అన్నాడు పోశాలు. "కొత్తల, దుమ్ము దుబ్బ లోపలికి రావద్దని పూసిన."

"దుబ్బ ఆగలే. నీళ్ళే ఆగినయ్," అంది రుక్కి. "ముప్పై ఏండ్ల సంది నానుతున్నది కాకా గిది."

పోశాలు ఇన్నేళ్ళూ వానను తిట్టాడు, యూరియాను తిట్టాడు, షెడ్డు కప్పును తిట్టాడు. ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. ఇనుప బ్రష్ తీసుకుని కారు కిందికి దూరి, తుప్పు గీకడం మొదలుపెట్టాడు.

కోసినంత సులువు కాలేదు అతకడం. ట్రాలీ రేకులకు అలవాటుపడిన రుక్కి చేతిలో కారు పాత రేకు కాగితంలా కాలిపోయింది. రూపాయి బిళ్ళంత బొక్కను మూయబోతే అది అరచెయ్యంత అయింది. రెండోసారి ఇంకా పెద్దదైంది. రుక్కి రాడ్డు పడేసి స్టూలు మీద కూర్చుంది.

"నాతోని గాదు కాకా. ఉన్నది గూడ ఖరాబు జేస్తున్న."

పోశాలు నోరు తెరిచేలోగా యాదమ్మ సద్దిమూట విప్పింది. "ముందుగాల తిను. తిన్నంక సూద్దాం," అంది.

జొన్నరొట్టె తింటూ రుక్కి షాపు మూలనున్న ఖాళీ నూనె డబ్బాల వైపు చూస్తూ ఉండిపోయింది. చెయ్యి కడుక్కుని, కారు రేకులాగే పలచగా ఉన్న ఒక డబ్బా తెచ్చి, అతకడం అలవాటు చేసుకోవడానికి కోసింది. కరెంటు తగ్గించింది, సన్న రాడ్డు పెట్టింది. ఒక చుక్కంత అతుకు పెట్టి చెయ్యి తీసేసింది. ఆ చుక్క చల్లారేదాకా ఆగి, జానెడు దూరంలో ఇంకో చుక్క పెట్టింది. మొదటి డబ్బా కాలింది. రెండోదీ కాలింది. మూడు రోజులు ఆమె గేట్ల పని పక్కన పెట్టి డబ్బాలే అతికింది. పదకొండో డబ్బా కాలలేదు. దాంట్లో నీళ్ళు పోసి ఎత్తి పట్టుకుంటే బొట్టు కారలేదు. రుక్కి తన భాషలో ఏదో అరిచింది. పక్క షాపుల వాళ్ళు ఏమైందోనని పరుగెత్తుకొచ్చారు.

ఆ తర్వాత పని నడిచింది. పోశాలు రాత్రి మిల్లు కాపలా ముగించుకుని, రెండు గంటలు కునుకు తీసి, బస్సెక్కి యాదమ్మతో పాటు దంతాలపల్లి వచ్చేవాడు. రుక్కి మెరిసే రేకు కనిపించేదాకా తుప్పును కోసేది, కొత్త ముక్కను కొలిచి కత్తిరించేది. పోశాలు దాన్ని పట్టుకునేవాడు. ఆమె చుక్క చుక్కగా అతికేది. యాదమ్మ అతుకుల మీద ఎర్ర రంగు పూసేది. సందుల్లోకి నీరు పోకుండా జిగురులాంటి మందు అద్దేది. పని చేస్తున్నంతసేపూ ముగ్గురూ మాట్లాడుకునేవారు. ఎర్ర రంగు పూస్తూ పూస్తూ యాదమ్మ తన చిన్నప్పటి సంగతులు చెప్పింది. పెళ్ళికి ముందు తను మూడూళ్ళ ఆడపిల్లల్లో ఈతలో మొదటిదని చెప్పింది. పోశాలు కారు కిందినుంచి తల బయటపెట్టాడు.

"నాకెన్నడు జెప్పలే?"

"నువ్వెన్నడు ఇంటి పట్టున ఉంటివి?" అంది ఆమె.

ఇరవై మూడో రోజుకు పని అయిపోయింది. అతుకుల గీతలు అంగుళం వెడల్పున ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి. రుక్కికి అవి నచ్చలేదు.

"మీది మీదికి జర లప్పం వెట్టనా కాకా? సాపుగ అయితది."

"వద్దు బిడ్డా," అన్నాడు పోశాలు. "గట్లనే కనవడనీ."

కింది భాగానికి అతనే బ్రష్షుతో నల్ల రంగు వేశాడు. నీళ్ళు పోయే బొక్కలన్నీ తనే ఇనుప చువ్వతో పొడిచి, ఒక్కోదాన్ని కిందినుంచి చూసి, వెలుతురు కనిపించాకే వదిలాడు. కారు పైన మీగడ రంగు, కింద బొగ్గు రంగు. ఊళ్ళో ఎవరో దాన్ని బురదలో దిగిన ఆవుదూడ అన్నారు. పోశాలు పట్టించుకోలేదు.

కాగితాల పనులయ్యాక, శ్రావణమాసంలో ఒక ఆదివారం స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్న యాదమ్మ అక్క గంగి ఇంటికి బయల్దేరారు. యాదమ్మ ఎక్కి, రెండు కాళ్ళతో మూడుసార్లు గట్టిగా తన్ని చూసింది. రేకు ఖంగుమంది.

"పోనీ," అంది.

తొర్రూరు దాటాక వాన అందుకుంది. బస్‌స్టాప్ దగ్గర నలుగురు తడుస్తూ నిలబడి ఉన్నారు. పోశాలు కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది. కారు ఆగీ ఆగకముందే నలుగురూ పరుగెత్తుకొచ్చారు.

"పాలకుర్తి పోతదా అన్నా?"

"గిది కిరాయి బండి గాదు..." అంటూ పోశాలు భయంభయంగా భార్య వైపు చూశాడు.

యాదమ్మ వెనక్కి చెయ్యి చాపి తలుపు గొళ్ళెం తీసింది. "ఎక్కుండ్రి. వానల ఎంతసేపు నిలవడ్తరు?"

ముగ్గురు వెనక సర్దుకున్నారు. నాలుగో ఆమె ముసలమ్మ. ఎక్కకుండా యాదమ్మ వైపు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఎనుక కూసుంటే నాకు కడుపుల తిప్పుతది బిడ్డా. జర ముందట జాగియ్యవా?"

పోశాలు స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. కుదరదని చెప్పడానికి నోరు తెరిచాడు.

"నేనైతే ఎనుకకు పోను అవ్వా," అంది యాదమ్మ. పాత అంబాసిడర్ ముందు సీటు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకటే పరుపు. ఆమె జరిగింది. జరిగి జరిగి పోశాలు భుజానికి భుజం ఆనేదాకా వచ్చింది. "ఇగ రా. గీడ మస్తు జాగ ఉన్నది."

ముసలమ్మ ఎక్కి, తడి కొంగు పిండుకుని, కాళ్ళ దగ్గర సంచి పెట్టుకుంది. కారు కదిలింది. ఆమె లోపలంతా ఒకసారి పరికించి చూసి, "కొత్త కారా బిడ్డా?" అని అడిగింది.

"కింది సగం కొత్తది," అంది యాదమ్మ.

పోశాలుకు నవ్వొచ్చింది. స్టీరింగ్ పక్కనున్న గేరు మార్చబోతే మోచెయ్యి ఆమెకు తగిలింది.

"జర అవుతలికి జరుగు," అన్నాడు మెల్లగా.

"జరగ," అంది యాదమ్మ, ముందు అద్దం మీద వానను చూస్తూ.