రాయి కింది బొగ్గులు

నేను ఒక హద్దురాయిని. మాచర్ల వైపు గనిలో పుట్టిన నాపరాయిని. నాతో పుట్టినవాళ్లు నునుపుగా ఉన్నందుకు ఇళ్లలో అరుగులయ్యారు. అంచు విరిగిన నన్ను ముత్తయ్య బండి మీద వేసుకొచ్చి, తన చేనుకూ కోటిలింగం చేనుకూ మధ్య పాతాడు.

ఆ రోజు ముత్తయ్య భార్య గురవమ్మ తన పొయ్యిలోని బొగ్గులు కొంగులో మూటకట్టి తెచ్చి నా గుంటలో పోసింది. కాపురానికి వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. మా పక్క అది అలవాటు. రాయిని ఎవరైనా జరపొచ్చు గానీ, బొగ్గు మట్టిలో చివకదు, పోసిన చోటే ఉంటుంది. అంటే మనుషులకు నా మీద మొదటి రోజు నుంచే నమ్మకం లేదన్నమాట. నాకు కాస్త చిన్నతనంగానే అనిపించింది.

వాళ్ల అనుమానమే నిజమైంది. గురవమ్మ పురిటికి పుట్టింటికి వెళ్లినప్పుడు, దున్నుతున్న ట్రాక్టరు నన్ను పడగొట్టింది. దుక్కిలో పాత గుంట ఆనవాలు దొరకలేదు, అది అబద్ధం కాదు. కానీ ముత్తయ్య నన్ను మళ్లీ పాతేటప్పుడు రెండు బారలు అవతలికి, కోటిలింగం చేలోకి జరిపాడు. అది మాత్రం తెలిసే చేశాడు. కోటిలింగం అప్పుడు లారీ తోలుతూ ఊళ్లు తిరుగుతున్నాడు, అడిగేవాడు లేడు. ముత్తయ్య భార్యకు కూడా చెప్పలేదు. నేను చెప్పలేను.

ఏళ్ల తర్వాత ముత్తయ్య పోతే, నా పక్కనే, ఆ రెండు బారల నేలలోనే పూడ్చారు. కోటిలింగం లారీ మానేసి వచ్చి చేను కొలిపించుకున్నాడు. సమాధి తన నేలలో ఉందని, చదును చేయిస్తానని అన్నాడు. గురవమ్మ దావా వేసింది.

పదకొండేళ్లు నడిచింది. వాయిదా వాయిదాకీ నా ప్రస్తావనే. నా గురించి అంతంత మాట్లాడిన వకీళ్లలో ఒక్కరూ నా మొహం చూడలేదు. గురవమ్మ మాత్రం బోనెక్కి ప్రమాణం చేసింది. "ఆ రాయి కదల్లేదు. దాని కింద నేను పోసిన బొగ్గులుంటయ్. తవ్వి చూసుకోండి."

కోర్టు ఆ మాటే పట్టుకుంది. కోర్టు పంపిన కమిషనరు సర్వేయరును వెంటబెట్టుకుని చేలోకి వచ్చాడు. నన్ను పెకలించి నడుం లోతు తవ్వించాడు. మట్టి తప్ప ఏమీ లేదు. పటం చూసుకుంటూ గొలుసు వేసి కొలిచిన సర్వేయరు, రెండు బారలు ఇవతల గురవమ్మ చేలోకి చూపించి, అసలు హద్దు అక్కడుండాలన్నాడు. ఆమె వకీలు వెంటనే అందుకున్నాడు. "ఆ పటం పాతది, మేం ఒప్పుకోం. అమ్మా, మీరేం మాట్లాడకండి."

గురవమ్మ ఖాళీ గుంటలోకే చూస్తూ నిలబడింది.

"దేవుడి మీద ఒట్టేసి చెప్పినా గదయ్యా. ఇప్పుడు నోరు మూసుకుంటే ఎట్టా? ఆడ తవ్వండి."

తవ్వారు. మోచేతి లోతుకే నల్లగా బొగ్గులు బయటపడ్డాయి. గురవమ్మ కూలబడి వాటిని ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంది. "ఎంత పని చేశావయ్యా, నాతోనన్నా చెప్పకపోతివి" అని సమాధి వైపు చూసి ఏడ్చింది. ఆ పూట నేను రాయినైనందుకు సిగ్గుపడ్డాను.

తీర్పు కోటిలింగానికే వచ్చింది. నన్ను పాత చోట నిలిపే రోజున అతనే ఆమె ఇంటికి వెళ్లాడు.

"అక్కా, ఆ బొగ్గులు తీసుకుని రా. నువ్వే పొయ్యాల."

ఆమె దాచిన మూట విప్పి గుంటలో పోసింది. సమాధి సంగతి ఆమె అడగలేదు, అతనూ ఎత్తలేదు.

తొలకరికి కోటిలింగం ట్రాక్టరు ఎక్కాడు. గురవమ్మ గట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాళ్లు సమాధి దాకా వచ్చాయి. అతను ఆపలేదు, ఆమె వైపు చూడనూ లేదు. స్టీరింగు తిప్పి, చుట్టూ ఒక మనిషి నడిచేంత జాగా వదిలి, అవతల మళ్లీ సాలు పట్టుకున్నాడు.

ఇది జరిగి నాలుగేళ్లయింది. ప్రతి దుక్కికీ ఆ జాగా అలాగే మిగులుతోంది. ఇక నా సంగతంటారా, ఇప్పుడు నా కింద బొగ్గులున్నాయి. ఎవరైనా తవ్వి చూసుకోవచ్చు.